థెరపీలో అసలేం జరుగుతుంది? గోదావరి బ్రిడ్జి దాటలేకపోయిన నా అనుభవం

"మా చెల్లికి కాన్పయి నాలుగు నెలలు. బిడ్డ పడుకున్నా తనకి నిద్ర పట్టదు, ఊరికే ఏడుస్తుంది. థెరపీకి తీసుకెళ్తే ఏం చేస్తారు? మనసు విప్పి మాట్లాడటానికి మేం లేమా?" అని ఒకరు నన్ను అడిగారు. నేను డాక్టర్ని కాను. వెళ్లి బాగుపడినవాణ్ణి, అంతే.

మా ఇల్లు రాజమండ్రి, ఉద్యోగం కొవ్వూరు. మధ్యలో గోదావరి. 2021 డిసెంబరులో ఓ పొద్దున బండి మీద రోడ్డు కం రైలు వంతెన ఎక్కాను. పైన రోడ్డు, కింద పట్టాలు. సగం దూరం పోయేసరికి కింద గూడ్సు వచ్చింది, వంతెన అదిరింది. రోజూ అదిరేదే. ఆ రోజు మాత్రం గుండె దడదడలాడింది, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. అయిపోయాననుకున్నాను.

ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ టెస్టు అన్నీ నార్మల్. గ్యాస్ అన్నారు, మాత్రలిచ్చారు. అమ్మ దిష్టి తీసింది. రెండు వారాలకి మళ్లీ అదే వంతెన మీద, అదే దడ. తర్వాత వంతెన మాట తలుచుకుంటేనే చెమటలు. తోటి ఉద్యోగి కారులో కళ్లు మూసుకుని వెళ్లేవాణ్ణి. ఆయన రాని రోజు సెలవు.

మొదట వెళ్లిన కౌన్సెలర్ దగ్గర ముప్పావుగంట ఆయన మాట్లాడారు, నేను విన్నాను. పాజిటివ్‌గా ఆలోచించండి, ధ్యానం చేయండి అన్నారు. ఆ మాట మా బావ డబ్బులు తీసుకోకుండానే చెప్పాడు. రెండుసార్లు వెళ్లి మానేశాను, 'థెరపీ అంటే ఇంతే' అనుకుని ఆరు నెలలు పోగొట్టుకున్నాను. అందుకే ముందు చదువు అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆర్‌సీఐ నంబరంటారు. అడిగితే కోప్పడేవాళ్ల దగ్గరికి వెళ్లకపోయినా నష్టం లేదు.

తర్వాత ఓ సైకియాట్రిస్టుని కలిశాను. ఆయన థైరాయిడ్ పరీక్ష చేయించారు, ఎందుకంటే అది ఎక్కువైనా దడ వస్తుందట. అది కాదని తేలాక చిన్న డోసు మాత్ర రాసి, సైకాలజిస్టు మేడం దగ్గరికి పంపారు. ఈ ఇద్దరి తేడా చాలామందికి తెలియదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు.

మొదటి రోజంతా ప్రశ్నలే. రెండోసారి మేడం కాగితం మీద సున్నా చుట్టి చూపించారు: దడ వస్తుంది, 'హార్ట్ ఎటాకేమో' అనిపిస్తుంది, భయపడి గబగబా ఊపిరి తీస్తాం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, 'అదిగో నిజమే' అనుకుంటాం, దడ ఇంకా పెరుగుతుంది. దీన్ని పానిక్ ఎటాక్ అంటారనీ, నన్ను చంపదనీ అప్పుడు అర్థమైంది.

అర్థమైతే మాత్రం పోలేదు. మూడోసారి నుంచి అసలు పని. నిమిషం పాటు గబగబా ఊపిరి తీయమన్నారు, కుర్చీలో గిర్రున తిప్పారు. డబ్బులిచ్చి మరీ దడ తెప్పించుకోవడమన్నమాట! ఆ దడకి అలవాటు పడటమే మందు. ఆ తర్వాత వంతెన. ముందు రాజమండ్రి వైపు మొదట్లో ఊరికే నిలబడటం, తర్వాత కొంతదూరం నడక, తర్వాత మా ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని బండి మీద, చివరికి ఒక్కణ్ణే. ప్రతిసారీ భయానికి నూటికెన్ని మార్కులో నోటుబుక్కులో రాయాలి, భయం తగ్గేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. జేబులో ఎప్పుడూ సార్బిట్రేట్ మాత్ర పెట్టుకునేవాణ్ణి, గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవచ్చని. దాన్ని ఇంట్లో వదిలేయమన్న రోజు మేడం మీద నిజంగా కోపమొచ్చింది. మధ్యలో ఓసారి మళ్లీ గట్టిగా ఎటాక్ వచ్చి, ఇక మానేద్దామనుకున్నాను. ఆవిడ మాత్రం "వచ్చిందా? వచ్చాక ఏం చేశారు?" అని తాపీగా అడిగారు. బండి పక్కకి తీసి నిలబడ్డాను, ఇరవై నిమిషాల్లో తగ్గింది, ఆఫీసుకి వెళ్లాను. చెబుతుంటే నాకే ఆశ్చర్యమేసింది.

మొత్తం ఐదు నెలలు, పధ్నాలుగు సార్లు, ఒక్కోసారి గంట లోపు. నాకు సెషన్‌కి 1,200 పడింది, తక్కువేం కాదు. ఇంట్లోవాళ్లతో మాట్లాడితే ఇది జరిగేది కాదు. వాళ్లు నన్ను ప్రేమించి వంతెన ఎక్కొద్దన్నారు, అక్కడే ముదిరింది.

ఇక ఎవరికి పనికొస్తుందంటే, నాలాంటి భయాలకి, చేతులు పదేపదే కడిగే ఓసీడీకి, దిగులుకి, ఆప్తులు పోయాక తేరుకోలేనివాళ్లకి, మొగుడూపెళ్లాల గొడవలకి పనికొస్తుంది. లేని గొంతులు వినిపించేవాళ్లకీ, కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు దిగులు ఉండే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకీ ముందు మందులు కావాలి, థెరపీ వాటికి తోడు. అప్పులు తీర్చదు. మొగుడు కొడుతుంటే ఆ ఇల్లాలికి ఓర్పు నేర్పడం థెరపీ కానే కాదు, దానికి మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది.

మీ చెల్లి సంగతి. కాన్పు తర్వాత మొదటి ఒకటి రెండు వారాలు ఏడుపు రావడం మామూలేనట. నాలుగు నెలలకీ ఉందంటే డిప్రెషన్ కావచ్చు. కాన్పు చేసిన డాక్టరుకే చెప్పండి, ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నలతో చూస్తారు. పాలిచ్చే తల్లులకి ఇవ్వదగ్గ మందులూ ఉన్నాయి, డాక్టరు చూసి ఇస్తారు. చచ్చిపోవాలని గానీ, బిడ్డని ఏదో చేసేస్తానని గానీ తను అంటే థెరపీ అపాయింట్‌మెంటు కోసం ఆగకండి, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

గదిలోకి మాత్రం చెల్లిని ఒక్కదాన్నే పంపండి. అక్కడ చెప్పింది బయటికి రాదు, ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప. వాళ్ల అత్తగారు పక్కనుంటే ఏం చెబుతుంది? మీరు బయట కూర్చోండి, బిడ్డని ఎత్తుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా.