అటక గది కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి పర్లాకిమిడి నుంచి మీ మామయ్య ఆశీస్సులు.

గుణుపూరు దగ్గరి మీ పాత పశువుల శాలను ఇల్లుగా మారుస్తున్నావనీ, గడ్డి వేసుకునే అటకను పిల్లలు చదువుకునే గదిగా చేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అయితే పెంకులకు ఆనించి థర్మోకోల్ పలకలు బిగించి, చూరు సందులన్నీ సిమెంటుతో పూడ్చాలని మేస్త్రీ అన్నాడట. అది మాత్రం చేయించకు. నలభై ఏళ్లు వడ్రంగం చేసి, ఎన్నో ఇళ్ల కప్పులు దించి ఎక్కించినవాణ్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మట్టి పెంకు వానకు కొంత నీరు తాగుతుంది. కింద గాలి ఆడితే వాన వెలిసిన తర్వాత ఆరిపోతుంది. పలక ఆనించి బిగించావంటే ఆ తడి పెంకులు మోసే బద్దలకు పట్టి అక్కడే ఉండిపోతుంది. కింద నుంచి చూస్తే ఏమీ కనబడదు. వాసం గుల్లబారి చెదలు పట్టాక గానీ సంగతి బయటపడదు. అందుకే పెంకులకూ నువ్వు వేసే పొరకూ మధ్య రెండు అంగుళాల ఖాళీ వదులు.

ఆ ఖాళీ వేడికి కూడా మందే. మే నెల మధ్యాహ్నం అటకలో నిలబడితే గాలి వేడికన్నా నెత్తి మీద సెగే ఎక్కువ బాధపెడుతుంది. కాగిన పెంకు అడుగు నుంచి సూటిగా దిగే సెగ అది. మెరిసే అల్యూమినియం రేకు అతికించిన గాజు ఉన్ని తెచ్చి, మెరుపు ఖాళీవైపు ఉండేలా వాసాల మధ్య పరిపించు. రేకు పెంకును తాకితే మెరుపు వల్ల లాభం లేదు, వేడి నేరుగా లోహంలోకి పాకుతుంది. దుమ్ము పేరుకున్నా పనితనం తగ్గుతుంది కాబట్టి ముందు పాత బూజూ మట్టీ దులిపించు. రెండు అంగుళాల గాజు ఉన్ని వేడిని ఆపడంలో దాదాపు మూడు అడుగుల మందం ఇటుక గోడకు సాటి. దానిలో చిక్కుకున్న గాలే ఆ పని చేస్తుంది గనుక నొక్కి కుక్కకూడదు. పరిచేవాళ్లకు ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగులు ఇవ్వు. వరి ఊక చౌకే, కానీ ఎలుకలూ చెదలూ దాన్ని వదలవు. థర్మోకోల్ వేడిని బాగానే ఆపుతుంది, నిప్పు తగిలితే మాత్రం కరిగి మండి నల్లటి పొగ కక్కుతుంది. పిల్లలు కూర్చునే గది నెత్తిన దాన్ని నేను పెట్టను. కరెంటు తీగలను కూడా ఉన్ని కింద కప్పేయకుండా గొట్టాల్లో వేయించు, కప్పేస్తే వాటి వేడి బయటికి పోదు.

ఇక గాలి. చూరు దగ్గర లోపలికి రావాలి, కొప్పు దగ్గర బయటికి పోవాలి. పైన మాత్రమే దారి ఇస్తే పెద్దగా కదలిక ఉండదు. నేల వైశాల్యంలో 150వ వంతు దారి ఉండాలన్నది నేను పాటించే లెక్క. మీ అటక 300 చదరపు అడుగులనుకుంటే 2 చదరపు అడుగులు, అందులో సగం కింద, సగం పైన. పురుగులు రాకుండా సన్న వల వేస్తే ఖాళీలో సగం వల తీగలకే పోతుంది, కాబట్టి కంతలు 4 చదరపు అడుగులకు తెరిపించు. గదిలో కూర్చునేవాళ్లకు రెండు కొసల త్రికోణపు గోడల్లో ఎదురెదురు కిటికీలు వేరుగా ఉండాలి.

ఆ కిటికీలకు గట్టి చెక్క తలుపులు పెట్టించు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా అటక కిటికీకి వల తప్ప తలుపు లేదు. ఎదురుగాలి అందులోంచి దూరి కప్పును లోపలి నుంచి పైకి నెట్టింది. కొప్పు పెంకులు వరసకు వరసే లేచిపోయాయి. తెల్లారాక పెరట్లో పడి ఉన్న ఆ ముక్కలను ఏరుకున్న రోజు ఇప్పటికీ గుర్తుంది. గాలి కొట్టేవైపు తలుపు మూసుకునే వీలుండాలి. చూరువైపు రెండు వరసలూ కొప్పు వరసా తుప్పు పట్టని తీగతో బద్దలకు కట్టించు.

కింది గోడల గురించి ఒక్క మాట. ఏళ్ల తరబడి పశువుల మూత్రం ఇంకిన గోడలో ఉప్పు ఉంటుంది. దాని మీద సిమెంటు పూత పొరలుగా ఊడిపోతుంది. సున్నపు పూతే వేయించు.

పెంకులు సంక్రాంతి తర్వాత దించు, ఉగాదికల్లా ఎక్కించేయాలి. దించేముందు ప్రతి వాసం కొసలోనూ గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్ గుచ్చి చూడు. మెత్తగా దిగిన వాటికి సుద్దతో గుర్తు పెట్టి, వాసాల మందం కొలిచి నాకు ఫోను చెయ్యి. నాలుగు అంగుళాలకు తక్కువైతే ఉన్నికీ ఖాళీకీ చోటు చాలదు, అడుగున అదనపు బద్ద కొట్టాలి. ఆ పని చూపించడానికి నేనే గుణుపూరు రైలెక్కి వస్తాను. అప్పటిదాకా మేస్త్రీని సిమెంటు కలపనివ్వకు.

మీ మామయ్య