1998 నాటి ఆ కాగితం రిజిస్టరైందా? ముందు అది తేల్చండి

ప్రశ్న: మాది సికింద్రాబాద్. మా అమ్మ పుట్టిల్లు రాజస్థాన్‌లో నాగౌర్ జిల్లా, రాఠోడ్‌ల ఠికానా, అంటే జాగీరు. తాతగారు ఏడు ఊళ్లకు జాగీర్‌దారు. 1968లో వీలునామా రాయకుండానే పోయారు. అమ్మమ్మ కూడా లేదు. ఇద్దరు మేనమామలు, మా అమ్మ. ఊళ్లు ప్రభుత్వం తీసుకున్నాక మిగిలినవి గఢ్, అంటే కోటలాంటి పాత ఇల్లు, ఒక బావి, 140 బీఘాల (బీఘా అక్కడి భూమి కొలత) సొంత సేద్యపు భూమి. 1969లో అన్నీ పెద్ద మామయ్య పేరుకు మారాయి. ఇప్పుడు ఆయన కొడుకు గఢ్‌ని హోటల్ చేశాడు. అమ్మ భాగం అడిగితే, "ఠికానా పాటవీకే (పెద్ద కొడుకుకే) చెందుతుంది, పైగా బువాసా (మేనత్త) 1998లో హక్‌త్యాగ్ (హక్కు వదులుకునే పత్రం) మీద సంతకం పెట్టింది" అని కిందటి దీపావళికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. మామయ్య కూతురి పెళ్లి హడావుడిలో అమ్మ చదవకుండా పెట్టిన సంతకం అది. అది తన సంతకమే కాదని అమ్మ చెప్తే సరిపోతుందా? ఏడు ఊళ్లలో మాకేమైనా వస్తుందా?

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలు. అందులో నాలుగు పేజీలు వంశచరిత్రే. జోధ్‌పూర్ కట్టిన రావ్ జోధా నాటి ముచ్చట్లు, వెయ్యి రూపాయల రేఖ్‌కు (జాగీరు ఆదాయపు అంచనాకు) ఒక గుర్రపు రౌతు చొప్పున దర్బారుకు పంపిన రోజులు, తాతగారి తల్వారు, అన్నీ చదివాను. కేసుకు పనికొచ్చేది మాత్రం అయిదో పేజీ చివర మీరు మాటవరసకు రాసిన రెండు వాక్యాలు. "పంట వచ్చాక మామయ్య ఏటా మనియార్డరు పంపేవారు. కూపన్ మీద 'హిస్సే కే రూపయే' (భాగం డబ్బు) అని ఉండేది, చివరిది 2003లో వచ్చింది." ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఏడు ఊళ్ల ఆశ వదులుకోండి. రాజస్థాన్ జాగీర్ల స్వాధీన చట్టం 1952 ఫిబ్రవరి 18న అమల్లోకి వచ్చింది. జాగీర్‌దార్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1955లో కోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పేసింది. అసలు మార్వాడ్ (జోధ్‌పూర్ సంస్థానం) జాగీరు మనం అనుకునే సొంత ఆస్తిలాంటిది కాదు. ఠాకుర్ కన్నుమూస్తే వారసుడు దర్బారుకు హుకుమ్‌నామా అనే రుసుము కట్టి కొత్త పట్టా తెచ్చుకోవాలి. రాజు ఇచ్చింది ప్రభుత్వం తీసుకుంది, పరిహారం ఇచ్చింది. ఆ తలుపు మూసుకుంది.

అయితే ఆ చట్టమే రెండింటిని జాగీర్‌దారుకు వదిలింది. ఒకటి ఖుద్‌కాస్త్, అంటే తాను సొంతంగా సాగు చేసుకునే భూమి. దాని మీద ఆయన ఖాతేదారు (సాగు హక్కుదారు) అయ్యాడు. రెండోది సెక్షన్ 23 కింద సొంత ఇళ్లు, బావులు. మీకు మిగిలిన గఢ్, బావి, 140 బీఘాలు ఈ కోవలోవే. ఇవి గద్దె ఆస్తి కాదు, అందరి ఇళ్లలో ఉండేలాంటి మామూలు ఆస్తి.

అందుకే "పాటవీకే" అన్న మాట నిలవదు. పెద్ద కొడుక్కే అంతా దక్కే ఆచారం మన జమీందారీల్లోనూ ఉండేది. పిఠాపురం తగాదా 1918లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది ఇలాంటి ఎస్టేటు మీదే. కానీ 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం వచ్చాక సెక్షన్ 4 ఆ ఆచారాన్ని తుడిచేసింది. సెక్షన్ 5 ఇచ్చిన మినహాయింపు భారత ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న సంస్థానాధీశులకు, పాత శాసనం ప్రకారం ఒక్కరికే దక్కే ఎస్టేట్లకు. రాజు కింద ఉన్న ఠికానాదారుకు సంస్థానాధీశుల ఒప్పందం వర్తించదు. ఇలాంటి ఒక ఎస్టేటు గురించి సుప్రీంకోర్టు 1981లో ఇదే చెప్పింది. మీ తాతగారు పోయింది 1968లో, చట్టం వచ్చాక. సాగుభూమి కూడా రాజస్థాన్ కౌలు చట్టం సెక్షన్ 40 ప్రకారం వ్యక్తిగత చట్టాన్నే అనుసరిస్తుంది. సొంత ఆస్తిగా లెక్క వేసినా, 2005 సవరణ ప్రకారం ఉమ్మడి ఆస్తిగా లెక్క వేసినా, అమ్మమ్మ వాటా కూడా పంచాక మీ అమ్మగారి భాగం మూడో వంతు దగ్గరికే వస్తుంది. 1969లో పేరు మారడం గురించి టెన్షన్ పడకండి. మ్యుటేషన్ శిస్తు వసూలు కోసం రాసుకునే రాత, హక్కు ఇచ్చేది కాదు.

ఇక మిగిలేది ఆ హక్‌త్యాగ్ కాగితం. ఈ కేసు నిలిచినా, పోయినా దాని మీదే.

రాజస్థాన్‌లో ఆడపిల్లలు అన్నదమ్ములకు హక్కు వదులుకుంటూ రాసే పత్రం అది. వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కాకపోతే ఆ హక్కు పోదు. రాసిన నాలుగు నెలల్లో, జరిమానా కడితే మరో నాలుగు నెలల్లో సబ్ రిజిస్ట్రారు ముందు పెట్టాలి. కాబట్టి భూమి ఉన్న చోటి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 1998, 1999 రెండేళ్ల ఇండెక్స్ వెతికించండి. స్థిరాస్తి పత్రాలు నమోదయ్యే ఒకటో పుస్తకం ఎవరైనా చూడొచ్చు, సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. ఈలోగా అమ్మగారిని కూర్చోబెట్టి అడగండి. ఆ రోజు ఏదైనా ఆఫీసుకు వెళ్లిందా? ఆఫీసరు ఇంటికి వచ్చాడా? సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేసిందా?

రిజిస్టరు కాలేదని తేలితే మీ పక్షం చాలా గట్టిది. "అది పాత నోటిమాట ఒప్పందానికి రాసుకున్న జ్ఞాపిక మాత్రమే" అని వాళ్లు తప్పక వాదిస్తారు. అప్పుడు ఆ కూపన్లు బయటికి రావాలి. 1998లో హక్కు వదులుకున్న చెల్లెలికి 2003 దాకా, అయిదేళ్ల పాటు, తన చేతి రాతతో 'భాగం డబ్బు' అని రాసి మామయ్య ఎందుకు పంపినట్టు? భాగస్వామి ఒకరు ఎన్నేళ్లు అనుభవించినా, మిగతావాళ్ల హక్కును బాహాటంగా కాదన్నప్పుడే పన్నెండేళ్ల లెక్క మొదలవుతుంది. ఆ కూపన్లు ఉండగా 1969 నుంచి కాదన్నామని వాళ్లు చెప్పలేరు.

రిజిస్టరైందని తేలితే దారి ఇరుకు. పత్రం రద్దుకు గడువు మూడేళ్లు, విషయం తెలిసిన నాటి నుంచి. చదువుకున్న మనిషి "చదవకుండా పెట్టాను" అంటే కోర్టు వినదు. అప్పుడు పత్రంలోని షెడ్యూలు, అంటే ఆస్తుల జాబితా చూడాలి. ఇలాంటి పత్రాల్లో తరచు ఖస్రా నంబర్లు (పొలం సర్వే నంబర్లు) మాత్రమే రాస్తారు, ఊరి ఆబాదీలో (నివాస స్థలంలో) ఉన్న ఇంటి ఊసు ఉండదు. షెడ్యూల్లో లేని గఢ్ మీద హక్కు అలాగే ఉంటుంది.

సంతకం తనది కాదని అమ్మగారి చేత చెప్పించాలన్న ఆలోచన ఈ రోజే మానేయండి. పెళ్లి ఫొటోలు, బ్యాంకు పుస్తకం, వేలిముద్ర, చేతిరాత నిపుణుడు, ఏ ఒక్కటి ఎదురు తిరిగినా ఆమె చెప్పే నిజాలను కూడా ఎవరూ నమ్మరు. నిజమైన కూపన్లు కూడా దొంగవేమో అనిపిస్తాయి. పైగా అబద్ధపు సాక్ష్యం నేరం. సంతకం పెట్టానని ఒప్పుకునే, ఆ కాగితంతో హక్కు పోలేదని వాదించే అవకాశం చేతిలో ఉంది. దాన్ని మీరే పాడు చేయకండి.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. ఇరవయ్యేళ్లకు పైగా ఆ కాగితం కాపీ అడగలేదు. మెసేజ్ వచ్చాక ఊరుకున్నారు. పైగా ఆ ఫోను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నానని రాశారు! ఇవ్వకండి. హక్కు కాదన్న తేదీ అందులో ఉంది. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో ఆ మెసేజ్ కోర్టుకు పెట్టాలి. హక్కు ప్రకటన దావాకు మూడేళ్ల గడువు ఆ తేదీ నుంచే నడుస్తోందని అవతలివాళ్లు అంటారు. అది దాటకముందే వేయాలి.

కేసు మీది కాదు, మీ అమ్మగారిది. ఆమె బతికుండగా మీకు విడిగా హక్కు లేదు. పనులు నడపడానికి మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాయొచ్చు కానీ, పెళ్లిరోజు ఏం జరిగిందో బోనెక్కి చెప్పాల్సింది ఆమే. వయసు 78 అన్నారు కాబట్టి వాంగ్మూలం ముందుగానే కమిషన్ (కోర్టు నియమించే మనిషి) ద్వారా నమోదు చేయించమని కోర్టును అడగండి.

దావాలు రెండు చోట్ల. సాగుభూమికి అక్కడి ఎస్‌డీఓ (సబ్ డివిజనల్ ఆఫీసర్) రెవెన్యూ కోర్టులో హక్కు ప్రకటన, పంపకం. గఢ్‌కు సివిల్ కోర్టులో. చిన్న మామయ్య లేకపోతే ఆయన వారసులందరినీ పార్టీలు చేయాలి, ఒక్కరిని వదిలినా దావా కుంటుతుంది. అమ్మకాలు ఆపే తాత్కాలిక ఉత్తర్వు మొదటి రోజే అడగండి. జమాబందీ (భూమి హక్కుల రికార్డు) 'అప్నా ఖాతా' పోర్టల్‌లో దొరుకుతుంది. 1969 మ్యుటేషన్ నకలు, సెక్షన్ 23 కింద తాతగారు ఇచ్చిన ఆస్తుల జాబితా తీయించండి. 1973 సీలింగ్ చట్టం కింద మామయ్య ఇచ్చిన డిక్లరేషన్ మాత్రం మర్చిపోవద్దు. భూమి పోకుండా చూసుకోవడానికి అప్పట్లో చాలామంది తల్లి, తమ్ముడు, చెల్లెలు కూడా భాగస్థులేనని రాసిచ్చారు. మీ మామయ్యా అలా రాసి ఉంటే అది ఆయన ఒప్పుకోలే. తాతగారి మరణానికి సర్టిఫికెట్ లేకపోతే హరిద్వార్ పండా బహీలో (అక్కడి పురోహితుల వంశావళి పుస్తకంలో) ఎంట్రీ దొరకొచ్చు. అస్థికలు కలిపిన రోజు రాసి ఉంటారు.

కూపన్లకు లామినేషన్ చేయించకండి, పంచింగ్ మెషీన్ పెట్టకండి. తేదీల వరసలో ఒక కవర్లో పెట్టి, ఆ పాత ఫోనుతో సహా, నాగౌర్‌లో మీరు పెట్టుకునే వకీలు దగ్గరికి అమ్మగారినే తీసుకెళ్లండి.