బరంపురంలో ఉద్యోగం, పక్క ఊళ్లో ఇల్లు: స్థలం కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న: నేను ఒడిశాలోని బరంపురంలో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. సొంతూరు శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర. కొన్నేళ్లుగా ఇక్కడే అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇంట్లో అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. బాబు ఆరో తరగతి, పాప రెండు. టౌన్‌లో స్థలం కొనే స్తోమత లేదు. రోజూ వచ్చిపోయే దూరంలో ఏదైనా ఊళ్లో ఇల్లు కట్టుకుందామని మూడు చోట్లు చూశాం. ఒకటి గోపాల్‌పూర్ వైపు, సముద్రానికి దగ్గర్లో. రెండోది గొళంతరా వైపు ఒక పల్లెలో, 42 డెసిమళ్ల పొలంలోంచి 6 డెసిమళ్లు (డెసిమల్ అంటే మన సెంటే). పట్టా ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది, ఇద్దరు కొడుకులూ సంతకాలు పెడతామంటున్నారు. చెల్లెళ్లకు కట్నాలిచ్చి పంపేశాం, వాళ్లతో పనిలేదంటున్నారు. మూడోది సరిహద్దు దాటాక ఇచ్ఛాపురం దగ్గర. నాకు రెండోది నచ్చింది, అమ్మకి మూడోది. బ్రోకరేమో బయానా ఇమ్మని తొందరపెడుతున్నాడు. పంచాయతీ పర్మిషన్ చాలట, రిజిస్ట్రేషన్ అయిపోతే ఇక మాదేనట. రాయగడలో ఉన్న మా బావమరిది కూడా అక్కడ ఇలాగే స్థలం కొనాలనుకుంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ బయానా ఆపండి. నాలుగు కాగితాలు చూసేదాకా ఆగలేనివాడి స్థలం మీకు అక్కర్లేదు.

మీరు స్థలాల గురించి అడిగారు గానీ, ముందు తేల్చుకోవాల్సింది పిల్లల సంగతి. ఎందుకంటే ఇచ్ఛాపురం, గొళంతరాల మధ్య దూరం కొద్దిపాటిదే అయినా ఆ మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. రాష్ట్రంతోపాటు మీ పిల్లల సర్టిఫికెట్లూ మారతాయి.

అమ్మగారి కోరికలో న్యాయముంది. చుట్టూ మనవాళ్లు, మన భాష, హైవే మీద బరంపురానికి సుమారు పాతిక కిలోమీటర్లు. అయితే చాలామంది ఇక్కడే ఒక పొరపాటు లెక్క వేసుకుంటారు. ఇల్లు ఆంధ్రలో ఉంది కాబట్టి పిల్లలు అక్కడ లోకల్ అయిపోతారనుకుంటారు. ఆంధ్రలో కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయిస్తారు. స్థానికులంటే, అర్హత పరీక్ష రాసే సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడి విద్యాసంస్థల్లో చదివినవాళ్లన్నది సాధారణ నిబంధన. ఇంటర్ తర్వాతి సీట్లకైతే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు అన్నమాట. ఇల్లు ఇచ్ఛాపురంలో పెట్టుకుని, మీ బండి మీదే పిల్లల్ని రోజూ బరంపురం స్కూల్లో దింపితే ఆ నాలుగేళ్లు లెక్కలోకి రావు. కాబట్టి అటు వెళితే స్కూలు కూడా అటే మార్చాలి. బాబు ఇంకా ఆరో తరగతే కాబట్టి మీకు వ్యవధి ఉంది. వాడు పదిలో ఉండి అడిగితే నా సమాధానం వేరుగా ఉండేది.

ఇటు ఒడిశాలోనే ఉండిపోతే కుల ధ్రువీకరణ సంగతి చూసుకోవాలి. మీ కులం ఏమిటో మీరు రాయలేదు, నేనూ అడగను. ఆంధ్రలో బీసీ జాబితాలో ఉన్నంత మాత్రాన ఒడిశా జాబితాలో ఉన్నట్టు కాదు. ఎస్సీ, ఎస్టీలకైనా అంతే. ఒక రాష్ట్రంలో గుర్తింపు పొందినవారు వలస వెళ్లిన రాష్ట్రంలో అదే రిజర్వేషన్ కోరలేరని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చేసింది. కేంద్ర ఉద్యోగాలకు, కేంద్ర సంస్థల్లో సీట్లకు మాత్రం, మీ కులం కేంద్ర జాబితాలో ఆంధ్ర పేరు కింద ఉంటే ఇబ్బంది లేదు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఈ ఒక్క విషయం తేల్చుకోండి. సరిహద్దుకు ఎటువైపు ఉండాలో దానంతటదే తెలుస్తుంది.

గోపాల్‌పూర్ వైపు స్థలం గురించి ఎక్కువ చెప్పను. సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. జనసాంద్రత తక్కువున్న గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త ఇళ్లు కట్టనివ్వరు. తరతరాలుగా అక్కడే బతుకుతున్న మత్స్యకార కుటుంబాలకు కొంత సడలింపు ఉంది, బయటినుంచి వచ్చి కొన్నవాళ్లకు అది వర్తించదు. ఉప్పునీటి పాయలు లోపలికి వచ్చినచోట వాటి ఒడ్డున కూడా నిషేధిత హద్దు ఉంటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. ఇదే గంజాం జిల్లాలో పొడంపేటను సముద్రం కోసుకుపోయి జనం ఊరు మారాల్సి వచ్చింది. చౌకగా వస్తోందంటే కారణం అదే అయ్యుండొచ్చు. ఆ స్థలాన్ని మీ జాబితాలోంచి కొట్టేయండి.

ఇక మీకు నచ్చిన గొళంతరా పొలం. ఊరు మంచి ఎంపికే, ఆఫీసుకు దగ్గర. చిక్కంతా కాగితాల్లో ఉంది.

ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల భూలేఖ్ వెబ్‌సైట్‌లో ఆ ఖాతా నంబరు కొడితే ఆర్‌ఓఆర్, అంటే మనం పట్టా అనేది, ఉచితంగా కనబడుతుంది. ఒరియాలో ఉంటుంది. చదవడం రాకపోతే మీ బాబుతో చదివించుకోండి, ఇక్కడి స్కూలు పిల్లాడు కాబట్టి వాడికి వచ్చే ఉంటుంది. అందరూ పేరు, విస్తీర్ణం చూసి ఊరుకుంటారు. నేనైతే ముందు పేరు పక్కన రాసిన జాతి చూస్తాను. అమ్మేవారు ఎస్సీ లేదా ఎస్టీ అయి, కొనేవారు కాకపోతే, ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద రెవెన్యూ అధికారి ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే అమ్మకం చెల్లదు. రిజిస్టర్ అయినా చెల్లదు. తర్వాత ఎవరైనా ఫిర్యాదు చేస్తే భూమి వెనక్కి పోతుంది, మీరు కట్టిన ఇంటికి జవాబుదారీ ఎవరూ ఉండరు.

ఆ తర్వాత హక్కు రకం చూడండి. స్థితిబాన్ అని ఉంటే మామూలు రైతు హక్కు, అది మంచిది. పేరు స్థానంలో ఏదైనా దేవుడి పేరు రాసి, కింద మార్ఫత్ (ద్వారా) ఫలానా అని ఉంటే ఆ ఫలానా వ్యక్తి యజమాని కాడు, దేవుడి ఆస్తికి కాపలాదారు మాత్రమే. దేవాదాయ కమిషనర్ అనుమతి లేకుండా అలాంటి భూమి అమ్మితే చెల్లదు. గంజాం పల్లెల్లో ఇలాంటి ఖాతాలు అరుదేమీ కాదు. చివర్లో మంతవ్య, అంటే వ్యాఖ్యలు, అనే గడి ఉంటుంది. అందులో ఏ కేసు నంబరు కనిపించినా తహసీల్ ఆఫీసులో ఆ ఫైలు తీయించండి.

తర్వాత కిసమ్, అంటే భూమి రకం. మీ పొలం శారద అయ్యుంటుంది, అంటే వరి పండే భూమి. ఇల్లు కట్టాలంటే దాన్ని ఘరబారిగా, అంటే ఇంటి స్థలంగా, మార్పించాలి. భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టాలి. ఈ పని పంచాయతీ చేతిలో లేదు. ఘరబారి కాని స్థలానికి బ్యాంకులు గృహరుణం ఇవ్వడానికి వెనకాడతాయి. పైగా ఆ ఊరు బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో ఉంటే ఇంటి ప్లాను ఆమోదించేది అథారిటీయే. పరిధిలో ఉందా లేదా, మాస్టర్ ప్లాన్‌లో ఆ ప్లాట్ మీదుగా రోడ్డేమైనా గీశారా అన్నది అక్కడే అడిగి తెలుసుకోండి. బ్రోకర్ చెప్పిన పంచాయతీ కాగితంతో నీళ్ల కుళాయి వస్తుందేమో గానీ మీ ఇల్లు చట్టబద్ధం కాదు.

42 డెసిమళ్లలో మీది 6 అన్నారు. అంటే మిగతా 36 కూడా ఇలాగే ముక్కలు చేసి అమ్ముతున్నారన్నమాట. మీరు అడగని విషయమే అయినా నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఇదే. అథారిటీ పరిధిలో భూమిని ప్లాట్లుగా విడగొట్టాలంటే లేఅవుట్ అనుమతి కావాలి. ప్లాట్లు వేసి అమ్మే భూమి 500 చదరపు మీటర్లు, అంటే పన్నెండు డెసిమళ్ల పైచిలుకు దాటితే రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) కూడా నమోదు కావాలి. మీ బ్రోకర్ దగ్గర ఈ రెండూ ఉన్నాయా అని అడగండి. లేవంటే అక్కడ దారి కూడా కాగితం మీద ఉండదు. ఇప్పుడు మీరు చూసిన మట్టిరోడ్డు ఆ అన్నదమ్ముల పొలంలోదే. రేపు చివరి ముక్క కొన్నవాడు కంచె వేస్తే మీ బండి ఇంటికి ఎలా వస్తుంది? మ్యాపులో రాస్తాగా చూపించిన దారి ఉండాలి, లేదా అమ్మకం దస్తావేజులోనే దారి హక్కును వెడల్పుతో సహా రాయించి, స్కెచ్ జతచేయించాలి.

చెల్లెళ్ల సంగతి. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదనే మాట మన ఇళ్లలో నడుస్తుంది గానీ కోర్టులో నడవదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు సమానంగా వారసులు. పిత్రార్జితమైతే 2005 సవరణ తర్వాత కూతుళ్లకు పుట్టుకతోనే హక్కు. కాబట్టి ముందు పట్టా వారసులందరి పేరు మీదకూ మారాలి. తల్లి బతికుంటే ఆవిడ పేరుతో సహా. తర్వాత అందరూ మీ దస్తావేజులో సంతకం పెట్టాలి, లేదా చెల్లెళ్లు తమ వాటా వదులుకుంటున్నట్టు రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాసివ్వాలి. తెల్లకాగితం మీద వేలిముద్ర పనికిరాదు. అన్నయ్య మీద గౌరవంతో ఇవాళ ఊరుకున్న చెల్లెలు పక్క స్థలం ధర పెరిగాక ఊరుకోకపోవచ్చు. అది ఆమె తప్పు కూడా కాదు.

ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీయించండి. మూల దస్తావేజులు అడిగితే ఒక్కోసారి తెలుగువే వస్తాయి. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కదా. అలాంటివి దొరికితే పారేయనివ్వకండి, భూమి ఆ కుటుంబానికి ఎలా వచ్చిందో చెప్పేవి అవే.

ఇవన్నీ సరిపోతే భార్య పేరు మీద కొనండి. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవారికి 5 శాతం, ఆడవారికి 4 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు ఇద్దరికీ 2 శాతమే. పది లక్షల విలువకు పదివేలు మిగులుతుంది. రిజిస్ట్రేషన్‌తో పని అయిపోయిందన్న మాట మాత్రం నమ్మకండి. తహసీల్‌లో మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) జరిగి, కొత్త పట్టా మీ ఆవిడ పేరుతో వచ్చి, ఖజానా (భూమి శిస్తు) రసీదు చేతికందేదాకా వెంటపడాలి. కొంత సొమ్ము ఆపుకోవాలనుకుంటే రిజిస్ట్రేషన్‌కు ముందే ఆపాలి. ఘరబారి మార్పిడి, వారసుల మ్యుటేషన్ అయ్యాకే మిగతా డబ్బు ఇస్తామని అగ్రిమెంట్‌లో తేదీలతో రాయించండి. పవర్ ఆఫ్ అటార్నీ మీద కొనమంటే లేచి వచ్చేయండి. దానితో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది.

ఆ అన్నదమ్ములు ఇవన్నీ చేసేదాకా అదే ఊళ్లో ఓ ఇల్లు అద్దెకు తీసుకోండి. వానాకాలంలో ఆ పొలంలో ఎంత లోతు నీళ్లు నిలుస్తాయో, సాయంత్రం ఎన్నింటిదాకా ఆటో దొరుకుతుందో, అమ్మగారికి పొరుగున మాట కలిపేవాళ్లు ఉన్నారో లేదో ఏ రికార్డులోనూ ఉండదు.

మీ బావమరిదికి మాత్రం ఈ పద్ధతి చెప్పకండి, రాయగడ లెక్క వేరు. ఆ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా చూసే 1956 నాటి రెండో రెగ్యులేషన్ నడుస్తుంది. 2002 సవరణ తర్వాత గిరిజనుల భూమిని గిరిజనేతరులు అనుమతి తెచ్చుకుని కొనే దారి కూడా మూసుకుపోయింది. గిరిజనేతరుడి దగ్గరే కొంటున్నానని ఆయన అనవచ్చు. అప్పుడు ఆ గిరిజనేతరుడికి భూమి ఎవరి దగ్గర్నుంచి, ఎప్పుడు వచ్చిందో చూడాలి. 1956 అక్టోబరు 4 తర్వాత గిరిజనుల చేతుల్లోంచి అనుమతి లేకుండా మారిన భూమి అయితే, మధ్యలో ఎంతమంది చేతులు మారినా అసలు కుటుంబానికి తిరిగి ఇప్పించే అధికారం సబ్-కలెక్టర్‌కు ఉంది. ఆ చరిత్ర తేల్చే పాత పట్టాలు, దస్తావేజులు పట్టుకుని ఆయన్ను రాయగడలోనే రెవెన్యూ కేసులు చూసే వకీలును కలవమనండి.