పబ్లిక్ వైఫై హాట్‌స్పాట్ పెడితే గిట్టుబాటు అవుతుందా?

మండల కేంద్రంలో బస్టాండు ఎదుట ఉన్న మీ బాబాయిగారి టీ హోటల్లో పీఎం-వాణి (చిన్న దుకాణదారులు కూడా పబ్లిక్ వైఫై అమ్ముకునేందుకు ఉన్న కేంద్ర పథకం) కింద వైఫై హాట్‌స్పాట్ పెడితే ఆదాయం ఉంటుందా, ఎంత పెట్టుబడి కావాలి అని మీరు అడిగారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నాకు జిరాక్స్ దుకాణం ఉంది. 2023 నుంచి దానితోపాటు హాట్‌స్పాట్ కూడా నడుపుతున్నాను కాబట్టి నాకు అనుభవంలోకి వచ్చిన మేరకు చెబుతాను. ఆదాయం ఉంటుంది. అయితే అది జనం నడిచి వెళ్లే చోట కాదు, గంటల తరబడి కూర్చునే చోట ఉంటుంది. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతం పోటీ పరీక్షలకు చదివేవాళ్ల అడ్డా అని మీకు తెలిసే ఉంటుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ హాస్టళ్లు, రీడింగ్ రూములు, మెస్సులు ఉంటాయి. వీధిలో రోజంతా జనం తిరుగుతూనే ఉంటారు కదా అని నేను మొదట రూటర్‌ను దుకాణం బయట, రోడ్డువైపు తిప్పి బిగించాను. ఆ మూడు నెలల్లో రోజుకు ఐదారు వైఫై కూపన్లకు మించి అమ్ముడుపోలేదు. దారిన పోయేవాడి జేబులో అప్పటికే డేటా ఉంటుంది. పది నిమిషాల పనికి అతను యాప్ దించుకుని, నంబరు నమోదు చేసి, ఓటీపీ కొట్టి, డబ్బు కట్టడు.

ఒక రాత్రి పదిన్నరకు షట్టర్ దించుతుంటే మెట్ల మీద కూర్చుని గ్రూప్-2 పాఠాలు దించుకుంటున్న అబ్బాయి ఒకడు, "అన్నా, షట్టర్ ఏసినంక రూటర్ బంద్ చెయ్యకు, ఇంకో రెండు క్లాసులు దించుకోవాలె" అన్నాడు. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్లానులో పొద్దున్న రెండు మూడు గంటలు వీడియో క్లాసులు వింటే మధ్యాహ్నానికే డేటా అయిపోతుంది, ఆ తరువాత వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. పోనీ పెద్ద ప్లాను వేసుకుందామంటే ఆ డబ్బుతో నాలుగైదు రోజులు మెస్సులో భోజనం వస్తుంది. నా ఖాతాదారుడు ఇతనేనని నాకు ఆ మెట్ల మీదే తెలిసింది. మరుసటి వారం పక్క భవనంలోని రీడింగ్ రూము యజమానితో మాట్లాడి, నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చేలా ఒప్పుకుని, కేబులు లాగి రెండు యాక్సెస్ పాయింట్లను (వైఫై సిగ్నల్ పంచే పెట్టెలు) లోపలే పెట్టాను.

ఇప్పుడు లెక్క చెబుతాను. యాక్సెస్ పాయింట్లు, కేబులు, కరెంటు పోయినప్పుడు ఆదుకునే చిన్న యూపీఎస్ అన్నీ కలిపి సుమారు 14 వేలయింది. 99 రూపాయల నెల కూపన్లు మంచి నెలలో అరవై పోతాయి, పది రూపాయల రోజు కూపన్లు రోజుకు సగటున పన్నెండు పోతాయి. మొత్తం వసూలు 9,540 రూపాయలు. అందులో 30 శాతం అగ్రిగేటర్ (నాలాంటి చిన్న హాట్‌స్పాట్లను కలిపి లాగిన్, లెక్కలు చూసే సంస్థ) తీసుకుంటే నాకు 6,678 వస్తుంది. దాంట్లోంచి ఇంటర్నెట్ లైనుకు 1,650, కరెంటు వగైరాలకు 200, రీడింగ్ రూముకు వెయ్యి పోగా 3,800 పైచిలుకు మిగులుతుంది. నోటిఫికేషన్లు లేని నెలల్లో పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు కాబట్టి అమ్మకం సగానికి పడిపోయి ఐదు వందలైనా మిగలదు. అందువల్ల ఇది ఒక కుటుంబం బతికే వ్యాపారం కాదు. అద్దె ఎలాగూ కడుతున్న దుకాణానికి ఇది తోడు ఆదాయం. మనిషిని పెట్టుకుని, విడిగా గది అద్దెకు తీసుకుని దీన్నే నడుపుదామనుకుంటే మొదటి నెలే నష్టం వస్తుంది. ప్రకటనల ద్వారా డబ్బు వస్తుందని కొందరు చెబుతారు కానీ ఒకే ఒక్క చోటు ఉన్న చిన్నవాడికి అది రాదు, దాన్ని లెక్కలో వేసుకోకండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు లైను ధర దగ్గర వస్తుంది. నేను ఇళ్లకిచ్చే ఫైబర్ ప్లానుతోనే మొదలుపెట్టాను. ఏడాది తిరిగాక లైను ఇచ్చిన సంస్థవాళ్లు ఇంటి ప్లానును ఇతరులకు అమ్మకూడదంటూ లైను ఆపేసి, లీజు లైను (వ్యాపార సంస్థలకు విడిగా ఇచ్చే లైను) తీసుకోమన్నారు. దాని ధర ఏడాదికి నాలుగు లక్షలకు పైనే చెప్పారు. నెలకు పది వేలు కూడా వసూలు కాని చోట అది ఎవరు కట్టగలరు? ఆరు వారాలు హాట్‌స్పాట్ మూసేసి, నెల కూపన్లు కొన్న పిల్లలకు మిగిలిన రోజుల డబ్బు వెనక్కి ఇచ్చి, చివరకు ఇంకొక సంస్థ దగ్గర ఎక్కువ ధరకు వ్యాపార ప్లాను తీసుకున్నాను. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన టారిఫ్ (ధరల) ఉత్తర్వు ఈ బాధను చాలా వరకు తీర్చింది. దాని ప్రకారం 200 ఎంబీపీఎస్ వరకు ఇళ్లకు ఇచ్చే ఫైబర్ ప్లాన్లను పబ్లిక్ డేటా ఆఫీసులకు (పీఎం-వాణిలో మనలాంటి హాట్‌స్పాట్ దుకాణాల పేరు ఇదే) కూడా ఇవ్వాలి, ధర ఇంటి ధరకు రెట్టింపు దాటకూడదు. పైన నేను చెప్పిన 1,650 రూపాయలు ఆ లెక్కన వచ్చినవే. మీరు లైను అడిగేటప్పుడు ఈ ఉత్తర్వు పేరు చెప్పి అడగండి, ప్లాను వివరాలు రాతపూర్వకంగా తీసుకోండి.

అనుమతుల గురించి భయం అక్కర్లేదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి ప్రకారం మీలాంటి దుకాణదారుకు లైసెన్సు, రిజిస్ట్రేషన్, రుసుము ఏవీ లేవు. ఎవరు ఎప్పుడు వాడారన్న వివరాలు భద్రపరిచే బాధ్యత అగ్రిగేటర్ చూసుకుంటాడు. కానీ ఇంటి వైఫై పాస్‌వర్డును డబ్బు తీసుకుని పంచకండి. ఎవరైనా దానితో తప్పుడు పని చేస్తే పోలీసులు వచ్చేది మీ పేరు మీద ఉన్న కనెక్షన్‌ను వెతుక్కుంటూనే.

ఈ పథకాన్ని అందరూ ఒకప్పటి ఎస్‌టీడీ బూత్‌తో పోలుస్తారు. ఆ పోలిక సగమే నిజం. ఆ రోజుల్లో ఇంట్లో ఫోను లేనివాడు బూత్‌కు రాక తప్పేది కాదు. ఇప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో డేటా ఉంది. గూగుల్ 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌తో రైల్వే స్టేషన్లలో ఉచిత వైఫై మొదలుపెట్టింది. ఆ ఏడాదే విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడలకూ తెచ్చి, 2018 నాటికి 400 స్టేషన్లు పూర్తి చేసింది. అయినా మొబైల్ డేటా చవకైపోయిందని 2020లో తప్పుకుంది. తరువాత రైల్వేశాఖ సంస్థ రైల్‌టెల్ అదే సేవను కొనసాగిస్తూ, మొదటి అరగంట ఉచితంగా ఇచ్చి, పై వాడకానికి పది రూపాయలకు ఐదు జీబీ లాంటి ప్లాన్లు పెట్టింది. ఎర్నాకుళం జంక్షన్‌లో ఒక కూలీ స్టేషన్ వైఫైతో పాఠాలు వింటూ కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాతపరీక్ష నెగ్గాడని 2018లో వార్తలు వచ్చాయి. రోజంతా స్టేషన్‌లోనే ఉండే అతనికి ఆ వైఫై ఎంత విలువైనదో, రైలెక్కి వెళ్లిపోయే ప్రయాణికుడికి అంత కాదు.

రెండు మెలకువలు చెప్పాలి. మా గల్లీలో ఫోను తెరిస్తే ముప్పై వైఫై పేర్లు కనిపిస్తాయి, వైఫై సిగ్నల్ వెళ్లే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి తగలని చానళ్లు మూడే ఉంటాయి. అందుకే 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న పరికరమే కొనండి. అది గోడలు దాటి సరిగా వెళ్లదు కాబట్టి జనం కూర్చునే గదిలోనే పెట్టండి. రెండోది, డేటా అయిపోయిన ఫోనులో యూపీఐ సరిగా పనిచేయదు. కూపను కొనడానికే ఇంటర్నెట్ కావలసి వస్తే కొనేవాడు ఆగిపోతాడు. నేను కాగితం కూపన్లు అచ్చు వేయించి, చిల్లర తీసుకుని ఇవ్వడం మొదలుపెట్టాకే రోజు కూపన్లు ఐదారు నుంచి పన్నెండుకు చేరాయి.

మీ బస్టాండు విషయానికొస్తే, పావుగంటలో బస్సెక్కే జనం మీద పెట్టుబడి పెట్టవద్దనే అంటాను. మీ మండలంలో జూనియర్ కాలేజీ పిల్లల హాస్టల్, రోగులతో వచ్చినవాళ్లు రోజుల తరబడి ఉండే ఆసుపత్రి, చదువుకునే గది ఇలాంటివి ఏమున్నాయో చూడండి. ఒక వారం పాటు రాత్రి తొమ్మిదికి అక్కడికి వెళ్లి, రోజు డేటా ఎన్నింటికి అయిపోతోంది, అయిపోయాక ఏం చేస్తున్నారు అని కనీసం యాభై మందిని అడగండి. అందులో ఎంతమంది నెలకు వంద రూపాయలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారో, మీకు దొరికే లైను ధర ఎంతో ఇక్కడ రాస్తే, రూటర్ కొనకముందే లాభనష్టాల లెక్క వేసి చెబుతాను.