సీటు గొట్టంలోంచి తుప్పు నీళ్లు కారుతుంటే

అన్నా, వానలో నెక్లెస్ రోడ్డు చుట్టొచ్చి స్టీల్ సైకిల్ తిరగేస్తే సీటు గొట్టంలోంచి డికాషన్ రంగు నీళ్లు కారాయన్నారు కదా. టెన్షన్ వద్దు. బాటమ్ బ్రాకెట్, అంటే పెడల్స్ ఇరుసు ఉండే భాగం, దగ్గర పెయింట్ ఉబ్బకపోతే ఫ్రేమ్ చాలావరకు బాగున్నట్టే. ఉబ్బితే మాత్రం ముందు వెల్డర్‌కి చూపించండి.

సీట్‌పోస్ట్ (సీటు కింది కడ్డీ), బాటమ్ బ్రాకెట్ తీయించి రెండు రోజులు ఎండలో పెట్టండి. తర్వాత లోపల మళ్లీ తుప్పు పట్టకుండా, పెయింట్ షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే కాచిన అవిసె నూనె, గొట్టాల్లో కొద్దికొద్దిగా పోసి ఫ్రేమ్‌ని అటూ ఇటూ తిప్పాలి. పచ్చి నూనె తేవద్దు, అది ఎప్పటికో గానీ ఆరదు. మిగిలింది వంచేసి, మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే నిప్పంటుకోవచ్చు. నీళ్లలో ముంచి పారేయండి.

నేనైతే సీట్ క్లాంప్ (సీటు కడ్డీని బిగించే పట్టీ) మీదికి పాత ట్యూబు ముక్క తొడిగాను. చూడ్డానికి బాగోదు గానీ, వెనక చక్రం చిమ్మే నీళ్లు లోపలికి పోవు. బాటమ్ బ్రాకెట్ కింద నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉంటే పిన్నుతో పొడిచి చూడండి. నా సైకిల్‌కి అక్కడ బురద గట్టిపడి బిరడాలా కూర్చుంది.