కోటలో ఏం వండుకున్నారు?
చారిత్రక నవలలపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: బుర్రకథల్లో విని, సినిమాల్లో చూసి బొబ్బిలి యుద్ధంతోనే పెరిగినవాళ్ళం. అంత పట్టుగా చదివించే ఈ కాలపు చారిత్రక నవల ఒకటి చెప్పండి. ఒక్కటే చెప్పండి, నాలుగు చెబితే ఏదీ కొనను.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: ఒక్కటే అంటున్నారు కనుక బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' తీసుకోండి. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ నవల పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమను, అనంతపురం ప్రాంతాన్ని ఏలిన హండే పాలకుల కాలాన్ని చూపిస్తుంది. మన బొబ్బిలి కోట కూలిన శతాబ్దమే అది.

అయితే మీరు విన్న కథకూ దీనికీ ఉన్న తేడాను ముందే చెప్పడం మంచిది. బొబ్బిలి కథ అంతా బొబ్బిలి రాజు రంగారావు, ఆయన సేనాని పాపారాయుడు, వారి మీదికి వచ్చిన విజయనగరం రాజు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ అనే నలుగురి చుట్టూ తిరుగుతుంది. 1757 జనవరి 24న కోట పడిపోవడం, పరాయివారి చేతికి చిక్కకూడదని లోపలివారు తమ ఆడవారినీ పిల్లలనూ తామే చంపుకోవడం, ఆ తరువాత పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి దూరి ఆయనను పొడిచి చంపడం మనకు కంఠతా వచ్చు. (విజయనగరంలో కాపురముంటూ బొబ్బిలి వైపు నిలబడి కన్నీరు పెట్టుకోవడం మనకే చెల్లింది.) కాని బుస్సీ ఫిరంగులను లాగిన ఎడ్లకు గడ్డి ఏ రైతు కల్లం నుంచి వచ్చిందో, ఆ రైతుకు తిరిగి ఏమైనా ముట్టిందో బుర్రకథలో మనకు వినబడదు. 'శప్తభూమి' ఆ వినబడనివారి వైపు నుంచి నడిచే నవల. రాజులూ పాళెగాళ్ళూ ఇందులోనూ ఉంటారు, కాని కథ బరువంతా వారి కింద నలిగిన కులాల మీద, స్త్రీల మీద ఉంటుంది. సీమ మాటకు చెవి అలవాటు పడేదాకా మొదటి కొన్ని ప్రకరణాలు మీకు నెమ్మదిగా సాగవచ్చు. అక్కడ ఆగిపోకండి.

ప్రశ్న: చారిత్రక నవలలో ఏది చరిత్రో ఏది కల్పనో తెలుసుకోవడం ఎలా? మా మాస్టారు అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' చదవమన్నారు. దాన్ని చరిత్రగా నమ్మవచ్చునా?
– ఒక డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: తప్పక చదవండి, కాని చరిత్ర పాఠంగా మాత్రం చదవకండి. ఆ నవల నడిచే కాలాన్ని ఏలిన కాకతీయ రాణి రుద్రమదేవి 1262 ప్రాంతంలో అధికారానికి రావడం చరిత్ర. ఆమె మరణించిన సందర్భాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది, అదీ చరిత్రే. గన్నారెడ్డి సాహసాలలోనూ ప్రేమలోనూ చాలా భాగం బాపిరాజు గారి ఊహ. అందులో తప్పేమీ లేదు. దానం ఎవరిచ్చారో, ఏనాడు ఇచ్చారో, ఎవరి పుణ్యం కోసం ఇచ్చారో శాసనం చెబుతుంది కాని, ఆ చెక్కించినవాడు ఆ రాత్రి నిద్రపోయాడో లేదో చెప్పదు. అది నవలాకారుడు పూరించవలసిన ఖాళీ. ఉన్న శాసనాన్ని కాదని, ఆ సంగతి పాఠకుడికి చెప్పకుండా రాసినప్పుడే అతన్ని తప్పు పట్టాలి. అందుకే చివర రచయిత మాట ఉంటే ముందు దాన్నే తిరగెయ్యండి. తాను దేన్ని కల్పించాడో ఒప్పుకున్న రచయితను మిగిలిన విషయాలలో కొంత నమ్మవచ్చు.

నేను చేసే పరీక్ష మరొకటి ఉంది. యుద్ధ ఘట్టాలు వదిలేసి ముందు వంటింట్లోకి తొంగి చూస్తాను. కాకతీయుల నాటి బంటు పచ్చిమిరపకాయ నంజుకుంటూ అంబలి తాగినట్టు రాసి ఉంటే, ఆ పుస్తకంలోని రాజనీతిని కూడా నేను నమ్మను. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామ, బొప్పాయి, పొగాకు అన్నీ అమెరికా ఖండాల పంటలు. 1498లో పోర్చుగీసులు సముద్రమార్గాన కాలికట్ చేరాకే, ఒకటి ముందూ ఒకటి వెనుకా, అవి మన నేలకు వచ్చాయి. అంతకు ముందు మన వంటకు కారం మిరియాలదీ పిప్పళ్ళదీ. రుద్రమదేవి సైన్యంలో చుట్ట కాల్చే సేనాని కనబడితే అక్కడే పుస్తకం మూసేయవచ్చు. బంటు చేతిలో చోడి అంబలి, పక్కన ఉల్లిపాయ పెట్టి ఊరుకున్న రచయిత కనీసం ఆ పూట జాగ్రత్తగా ఉన్నట్టే.

మీరు శ్రీకాకుళంలోనే ఉన్నారు కనుక ఒక పూట శ్రీకూర్మం వెళ్ళి ఆలయ మండప స్తంభాల మీది శాసనాలను దగ్గరగా చూడండి. చరిత్ర మనకు ఎంత పొడి లెక్కగా మిగిలిందో తెలిస్తే నవలాకారుడి పని ఎంత కష్టమో తెలుస్తుంది.

ప్రశ్న: సినిమా చూశాక 'పొన్నియిన్ సెల్వన్' తెలుగు అనువాదం చదవాలనిపించింది. అయిదు భాగాలంటే భయంగా ఉంది.
– ఒక గృహిణి, పలాస

జవాబు: భయం అక్కరలేదు. కల్కి దాన్ని 1950 నుంచి 1954 దాకా వారపత్రికలో ధారావాహికగా రాశారు. ప్రతి ప్రకరణమూ పాఠకుణ్ణి వచ్చే వారానికి కట్టిపడేసేలా ముగుస్తుంది కనుక, మీరూ రోజుకు రెండు ప్రకరణాల చొప్పున చదువుకోండి. నందిని కల్పిత పాత్ర. చోళ యువరాజు ఆదిత్య కరికాలుడి హత్య మాత్రం నిజం. ఆ ద్రోహులుగా రవిదాసుడు మొదలైనవారి పేర్లు ఉడయార్‌గుడి శాసనంలో ఉన్నాయి. చోళుల కథ మనకెందుకని ఎవరైనా అంటే శ్రీముఖలింగం చూపించండి. అక్కడి నుంచి కళింగాన్ని ఏలిన అనంతవర్మ చోడగంగ దేవుని తల్లి చోళ రాజకుమార్తె.

ప్రశ్న: మన జిల్లాల చరిత్ర మీద నవల రాయాలని ఉంది. ఏ ఘట్టం ఎంచుకోమంటారు?
– ఒక బ్యాంకు ఉద్యోగి, రాజాం

జవాబు: దయచేసి బొబ్బిలి యుద్ధం మళ్ళీ రాయకండి. 1794 జూలై 10న పద్మనాభంలో కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు మరణించిన ఘట్టం ఉంది. 1940లో మందస జమీందారీ రైతుల పోరాటంలో తుపాకి గుండుకు బలైన వీర గున్నమ్మ కథా ఉంది. అయినా నన్నడిగితే బర్మా రాయమంటాను. మన తీరం నుంచి కూలికి రంగూను వెళ్ళినవారిలో ఎందరో 1942లో జపాను దాడికి భయపడి అడవుల మీదుగా కాలినడకన తిరిగి వచ్చారు. ఆ మాటలు విన్న మనవలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, ముందు వారిని కలవండి. ఆనాటి భాష, ధరలు, ప్రకటనలు కావాలంటే కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయంలో పాత పత్రికలు చూడవచ్చు. కథలకన్నా ముందు వాటిలోని ప్రకటనల పుటలు తిరగెయ్యండి.