పిల్లుల గిన్నె మీద కాకుల దాడి: ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది హిందూపురం దగ్గర పల్లె. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు పక్కన హోసకోటె దగ్గరే ఉంటున్నాం. ఆరు ఆవులు, నాలుగు గొర్రెలు, ఇంటి మట్టుకు కొన్ని నాటుకోళ్లు ఉన్నాయి. దాణా గదిలో ఎలుకలు, పందికొక్కుల బాధ పడలేక మూడు పిల్లుల్ని సాకుతున్నాం. పొద్దున పాలు పితికాక కొట్టం ముందు చప్టా మీద వాటికి చేపల అన్నం, ఒక్కోసారి అంగడిలో కొన్న పిల్లి దాణా పెడతాం. పెట్టి వెనక్కి తిరిగేలోపే కాకులు వాలతాయి. గోరింకలు గుంపుగా వచ్చి మెతుకు మిగల్చవు. ఈమధ్య ఒక గద్ద కూడా వచ్చి చేప ముక్క తన్నుకుపోతోంది. పాత సీడీలు కట్టాం, దిష్టిబొమ్మ పెట్టాం, మా అబ్బాయి టపాకాయలు కాల్చాడు. వారం బాగానే ఉంది, తర్వాత మళ్లీ మామూలే. పక్కింటాయన అన్నంలో గుళికల మందు కలిపి పెట్టమంటున్నాడు. పెట్టొచ్చా? అమావాస్యకు గోడ మీద కాకికి అన్నం పెట్టే అలవాటు మాకుంది. దానివల్లే ఇవి మరిగాయా?
– ఒక మహిళా పాడి రైతు, హోసకోటె తాలూకా, బెంగళూరు గ్రామీణ జిల్లా

జవాబు: అమ్మా, ముందు గుళికల సంగతి తేల్చేద్దాం. వద్దే వద్దు. మందు కలిపిన అన్నం కాకి ఒక్కటే తినదు. సగం ముక్కుతో పట్టుకెళ్లి ఎక్కడెక్కడో దాస్తుంది, కొంత నోరు జారి కోళ్ల ముందు పడుతుంది, కొంత ఆవులు నీళ్లు తాగే తొట్టిలో పడుతుంది. చచ్చి పడిన కాకినీ ఎలుకనీ మీ పిల్లి తింటే దాని పనీ అంతే. చట్టం కూడా ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకిని, ఎలుకను, పండ్లు తినే గబ్బిలాన్ని ‘హానికర జంతువులు’ అని ఒక పట్టికలో వేరుగా పెట్టి ఉండేవారు. 2022లో చేసిన సవరణ ఆ పట్టికనే తీసేసింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కాకిని చంపితే అడిగేవాడు లేడనేది పాత మాట. మీ పక్కింటాయనకు ఈ ముక్క చెప్పండి.

ఇక అసలు విషయం. మీరు ఇంతవరకు చేసినవన్నీ పక్షిని బెదిరించే పనులు. సీడీ తళుకు, దిష్టిబొమ్మ, టపాకాయ, ప్లాస్టిక్ గుడ్లగూబ, ఫోనులో పెట్టే డేగ కూత, ఇవన్నీ ఒకే కోవవి. కొత్తదేదైనా కనిపిస్తే కాకి మొదట దూరంగా కూర్చుని చూస్తుంది. దానివల్ల తనకేమీ కాలేదని నాలుగు రోజుల్లో తేల్చుకుంటుంది. ఆ తర్వాత దిష్టిబొమ్మ తల మీదే వాలుతుంది. అందుకే మీకు వారం బాగుండి తర్వాత మళ్లీ మొదలైంది. మీ పొలంలో రాగి కంకులు గింజ పట్టే పదిరోజులకు ఇలాంటివి పనికొస్తాయి. ఏడాది పొడుగునా రోజూ పెట్టే పిల్లి గిన్నెకు పనికిరావు.

మీ అబ్బాయికి ఒక మాట. టపాకాయలు అయ్యాయి కదాని రాయీ క్యాటర్‌బాలూ (ఉండేలు) పట్టొద్దనండి. కాకులు మనిషి ముఖాన్ని గుర్తు పెట్టుకుంటాయి. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక రకం ముసుగు వేసుకుని కాకుల్ని పట్టి వదిలారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ముసుగు కనిపించినప్పుడల్లా అవి వెంటపడి గోల చేశాయి. అవి అక్కడి జాతి కాకులు. అయినా మన కాకులు తక్కువేమీ తినలేదు. ఒకసారి పగబడితే అబ్బాయి పాలక్యాను పట్టుకుని గేటు దాటిన ప్రతిసారీ నెత్తిమీదికి వస్తాయి.

చచ్చిన కాకిని కొట్టం ముందు వేలాడదీసే పద్ధతి పల్లెల్లో ఇంకా ఉంది. అది కొన్నాళ్లు పనిచేసే మాట నిజమే కానీ, బర్డ్ ఫ్లూ రోజుల్లో చచ్చిన పక్షిని ఉత్త చేత్తో ముట్టుకునే పని పెట్టుకోకండి.

కాబట్టి పక్షి జోలికి పోకుండా గిన్నె చోటు, గిన్నె వేళ మారుద్దాం. మీ దగ్గరికి వచ్చేవి మూడు రకాలు, మూడింటి తీరూ వేరు.

గద్దతో పేచీ చిన్నదే. అది ఎగురుతూ వచ్చి కాళ్లతో తన్నుకుపోతుంది తప్ప నేల మీద నడిచి లోపలికి రాదు. గిన్నె పైన ఏదో ఒక కప్పు ఉంటే చాలు, రేకు ముక్కైనా సరే. అయితే అది మీ ఇంటిని ఎందుకు వెతుక్కుంటూ వచ్చిందో చూడండి. చేపలు, కోళ్లు శుభ్రం చేసిన చెత్త బయట పడేస్తున్నారా? ఆవు ఈనిన తర్వాత మాయ ఎక్కడ వేస్తున్నారు? చాలా కొట్టాల్లో దాన్ని పేడకుప్ప మీద విసిరేస్తారు. గద్దకీ, కాకికీ, వీధికుక్కకీ అదే మొదటి పిలుపు. మూడడుగుల గుంత తీసి, సున్నం చల్లి పూడ్చండి. ఈ ఒక్క పని చేస్తే రద్దీ సగం తగ్గిన కొట్టాలు నేను చూశాను.

కాకి నడిచి వస్తుంది, కానీ పారిపోయే దారి కనిపించని చోటికి రావడానికి వెనకాడుతుంది. రెక్క విప్పడానికి వీల్లేని తక్కువ ఎత్తు, చీకటి, మలుపు దానికి నచ్చవు. పిల్లికి ఈ మూడూ ఇష్టమే. మనకు దొరికిన సందు ఇదే, గిన్నెను అలాంటి చిన్న గూట్లో పెడదాం.

గోరింక దగ్గరే చిక్కు. అది గోడ కన్నాల్లో, పైపుల్లో, చెట్టు తొర్రల్లో గూడు పెట్టే పక్షి. చీకటి కన్నమంటే దానికి భయం లేదు సరికదా, పుట్టిల్లు. అందుకే కాకిని ఆపే ఆ తిండి గూడు గోరింకను ఆపలేదు. దానికి గుమ్మం దగ్గర తెర కావాలి.

ఇప్పుడు ఆ తిండి గూడు ఎలా చేయాలో చెబుతాను. కోలారు టమాటా మీ ఇంటి ముందు నుంచే కదా బెంగళూరుకు పోతుంది, పగిలిన టమాటా క్రేట్లు మీ దగ్గర ఊరికే దొరుకుతాయి. రెండు తీసుకుని బోర్లించి, పొడవు పెరిగేలా ఒకదాని చివర ఇంకోదాన్ని ఆనించండి. రెండూ కలిసే చోట అడ్డుగోడల్ని కోసేయండి. దాదాపు మూడున్నర అడుగుల పొడవున, అడుగు ఎత్తున సొరంగం తయారవుతుంది. రెండు చివర్లా గుమ్మాలు కోయండి. వెడల్పు ఆరు అంగుళాలు, ఎత్తు ఏడు అంగుళాలు చాలు. పెద్ద పిల్లి దూరుతుంది, పెద్ద కుక్క దూరదు. గుమ్మాలు ఎదురెదురుగా వద్దు. ఒకటి ఎడమ మూలకు, ఇంకొకటి కుడి మూలకు ఉండాలి. గిన్నె నడిమధ్యన పెట్టండి, ఏ గుమ్మంలోంచి తొంగిచూసినా నేరుగా కనిపించకూడదు. ఒకే గుమ్మం పెడితే పని సులువు కదా అనిపిస్తుంది. కానీ మూడు పిల్లులున్న ఇంట్లో అది కుదరదు. లోపల తింటున్న పిల్లికి ఇంకో పిల్లి అడ్డం వస్తే తప్పించుకునే దారి లేక, మర్నాటి నుంచి ఆ గూటి ఛాయలకే రాదు.

క్రేటుకు పక్కల సందులుంటాయి. వాటిలోంచి కాకి ముక్కు పెట్టి లాగుతుంది. అందుకని పైనా పక్కలా పాత దాణా సంచి చుట్టి పురికొసతో బిగించండి. వాన జల్లు కూడా ఆగుతుంది. గాలికి లేవకుండా పైన రెండు ఇటుకలు పెట్టండి. గిన్నె తేలికైన ప్లాస్టిక్‌ది కాకుండా రాతిదో, అడుగు వెడల్పున్న మట్టి మూకుడో అయితే కాకి ఈడ్చలేదు.

గుమ్మం తెరకు పాత లారీ ట్యూబు కంటే మంచిది లేదు. రెండంగుళాల వెడల్పు పట్టీలుగా కోసి, ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా వేలాడదీయండి. కింద అంగుళం సందు వదలండి. పిల్లి తలతో నెట్టుకుని పోతుంది. గోరింక వంద గ్రాముల పైచిలుకు పిట్ట. ఆ రబ్బరు బరువును నెట్టే ఓపిక దానికి ఉండదు. కానీ మొదటి రోజే తెర దించకండి. పిల్లి అసలే అనుమానపు జీవి. నాలుగు రోజులు తెర లేకుండా లోపల తినడం అలవాటు చేయండి. తర్వాత ఒక గుమ్మానికి రెండు పట్టీలు వేయండి, ఆ తర్వాత మొత్తం. ఈ నాలుగు రోజులూ గోరింకలు కొంత తింటాయి, తిననివ్వండి.

ఇదంతా చేసే ఓపిక లేకపోతే, మీ గాడి కింద కానీ, రాతి బల్ల కింద కానీ తొమ్మిది పది అంగుళాల ఎత్తు సందు ఉంటే, గిన్నెను రెండున్నర అడుగులు లోపలికి నెట్టి పెట్టండి. కాకికి, గద్దకు ఇది చాలావరకు చాలు, గోరింకకు చాలదు.

నీళ్ల గిన్నె మాత్రం పది అడుగులైనా దూరంగా ఉండాలి. గట్టి తిండి దొరికితే కాకి దాన్ని నీళ్లలో నానబెట్టుకుని తింటుంది. తిండీ నీళ్లూ పక్కపక్కనే పెడితే దానికి వడ్డించినట్టే. మీ ఆవుల తొట్టిలో అప్పుడప్పుడు చేప ముల్లో, రొట్టె ముక్కో కనిపించి ఉంటుంది, అది వీటి పనే. తొట్టి రోజూ కడగండి.

వేళ విషయానికి వద్దాం. పొద్దున పాలు పితికాక పెడుతున్నానన్నారు. కాకి బాగా ఆకలితో ఉండే సమయం అదే. పెద్ద పూటను రాత్రికి మార్చండి. బెంగళూరు వైపు పొద్దు గుంకేది నవంబరులో 5:50 ప్రాంతంలో, జులైలో 6:50 ప్రాంతంలో. ఆ తర్వాత అరగంటకు కాకులు, గోరింకలు చెట్లకు చేరుకుంటాయి. అప్పుడు పెట్టండి. పిల్లి చీకట్లో తినడానికి ఇబ్బంది పడదు. కానీ రాత్రంతా గిన్నె వదిలేస్తే పందికొక్కులకు విందు. పిల్లుల్ని తెచ్చిందే వాటికోసం కదా! అరగంటకు గిన్నె తీసేయండి. వేళ తప్పకుండా పెడితే పిల్లులు వేళకే వచ్చి కూర్చోవడం త్వరగానే నేర్చుకుంటాయి. పొద్దున పూట కొంచెం మాత్రం, అదీ గూట్లోనే.

ఎంత పెట్టాలో కూడా చూసుకోండి, మిగిలేదే పక్షిని పిలుస్తుంది. నాలుగు కిలోల పిల్లికి కొన్న దాణా అయితే రోజుకు 60, 70 గ్రాములు చాలు. కడుపు నిండితే ఎలుకల్ని పట్టదనే భయం వద్దు. ఆకలి లేకపోయినా పిల్లి వేటాడుతుంది. చేపల అన్నంలో చేప ఎక్కువ, అన్నం తక్కువ ఉండాలి. ఎండుచేపైతే ఉప్పు పోయేలా నానబెట్టి కడగండి. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూర పెట్టకండి. పచ్చి పాలు ఎదిగిన పిల్లికి విరేచనాలు తెస్తాయి, డెయిరీకే పోసేయండి.

పచ్చి కోడిమాంసం, కోడి పేగులు అసలే వద్దు. ఇది కాస్త గట్టిగా చెబుతున్నాను. బర్డ్ ఫ్లూ పిల్లులకూ సోకుతుంది. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో అది బయటపడింది. ఆ ఫిబ్రవరిలోనే మీ పొరుగు జిల్లా చిక్కబళ్లాపురంలో కోళ్లకు వచ్చింది. కాకులు ఆ వైరస్‌తో చచ్చిన సందర్భాలు మన దేశంలో చాలాసార్లు నమోదయ్యాయి. పక్షులు ముక్కు పెట్టి, రెట్ట వేసిన గిన్నెలో పిల్లి తినడం, ఆ చుట్టూ మీ కోళ్లు ఏరుకోవడం, ఇదే నాకు తిండి ఖర్చు కంటే పెద్ద సమస్యగా కనిపిస్తోంది. కోళ్లకు వచ్చే రాణికెట్ తెగులు, సాల్మొనెల్లా అనే బాక్టీరియా కూడా ఇలా చేరే వీలుంది. కోళ్లకు రాణికెట్ టీకా వేయించారా? పిల్లి గిన్నె రోజూ సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి. చుట్టుపక్కల కాకులు కానీ, కోళ్లు కానీ ఒకటి తర్వాత ఒకటి చచ్చి పడుతుంటే ముట్టుకోకండి. పిల్లుల్ని లోపల పెట్టి, పశువైద్యశాలకు కానీ, పశువైద్య సహాయ ఫోను నంబరు 1962కు కానీ కబురు చేయండి.

అమావాస్య అన్నం గురించి అడిగారు. నెలకోసారి గోడ మీద పెట్టే ముద్దతో కాకులు మరగవు. తద్దినం రోజు గొంతు పోయేలా పిలిచినా రాని కాకి, పిల్లి గిన్నెకు పిలవకుండానే వస్తోందంటే అక్కడ రోజూ దొరుకుతోందని అర్థం. పెట్టుకోండి. కొట్టానికి అవతలి వైపు గోడ మీద పెట్టి, మిగిలింది సాయంత్రానికి తీసేయండి. అయితే పిల్లి గిన్నె వదిలేస్తాయేమోనని కాకులకు రోజూ వేరే గిన్నె పెట్టే ఆలోచన మాత్రం చేయకండి. పది వచ్చేచోట ఇరవై వస్తాయి. ఎండాకాలం నుంచి వానల మొదటి నెలల దాకా అవి పిల్లల్ని సాకుతుంటాయి కాబట్టి అప్పుడు తాకిడి ఎలాగూ పెరుగుతుంది. తెరలు బిగుతుగా ఉన్నాయో లేదో అప్పుడు ఇంకోసారి చూసుకోండి.

గోరింకల్ని పొలంలోనూ, మేతబయల్లోనూ తరమకండి. ఆవుల వెంట నడుస్తూ మిడతల్ని, పురుగుల్ని ఏరుకు తింటాయి. దాణా గది కిటికీకి మాత్రం అంగుళం లోపు కన్నున్న వల బిగుతుగా కట్టండి. వదులుగా వేలాడితే పిట్టలూ, పిల్లి కాళ్లూ చిక్కుకుంటాయి. గాలిపటం మాంజా దారం అడ్డంగా కట్టమని ఎవరైనా చెబితే వినొద్దు. బెంగళూరులో గద్దల రెక్కలు తెగిపోతున్నది దానివల్లే.

మీరు అడగని విషయం ఒకటి. మీకు గొర్రెలున్నాయి. పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి దాణాలో, మేతలో కలిస్తే చూలు గొర్రెలు ఈసుకుపోతాయి, అంటే గర్భం పోతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లకూ అది మంచిది కాదు. ముఖ్యంగా పిల్లి కూనలతో జాగ్రత్త. తిండి గూడు దాణా గదికి, గడ్డివామికి దూరంగా పెట్టండి, ఒక మూల ఇసుక పోసి పిల్లులకు అక్కడ మలవిసర్జన అలవాటు చేయండి, దాణా డబ్బాలకు మూతలుండాలి. మూడు పిల్లులూ మూడుగానే ఉండాలంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. పిచ్చికుక్క వ్యాధి టీకా కూడా అప్పుడే వేయించేస్తే ఒకే ప్రయాణంలో రెండు పనులూ అయిపోతాయి.